అమ్మ తీసేయించిన డబుల్ కాట్

ఖాళీ పడకగదిని కొనేవాళ్ళకి చూపించకూడదట. ఈ మాట నాకు మొదట చెప్పింది న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య. తర్వాత బ్రోకరు చెప్పాడు. ఆ తర్వాత అద్దె ఫర్నిచర్ ఆటోట్రాలీలో వేసుకొచ్చిన పాతికేళ్ళ అమ్మాయి చెప్పింది. ముగ్గురూ వేర్వేరుగా చెప్పినా సారాంశం ఒకటే. ఖాళీ గది కొనేవాళ్ళని బెదరగొడుతుంది. అందులో ఎవరో చల్లగా కాపురం చేసుకుంటున్నట్టు కనబడాలి. ఎవరూ లేకపోతే ఉన్నట్టు అమర్చాలి.

అమెరికాలో దీన్ని ‘హోమ్ స్టేజింగ్’ అంటారు. అమ్మబోయే ఇంటిని నాటకానికి రంగస్థలం సిద్ధం చేసినట్టు సిద్ధం చేయడం. 2024లో హైదరాబాద్ నల్లకుంటలోని మా రెండు పడకగదుల ఫ్లాట్ అమ్మకానికి పెట్టినప్పుడు ఆ నాటకం మా అమ్మ గదిలో జరిగింది. అందులో నాకూ ఒక వేషం ఉంది. మా ఇంటి గొడవ పత్రికకెక్కించడం దేనికని మీలో కొందరు అనుకోవచ్చు. ఒక గదిలో నిజంగా ఎవరు పడుకున్నారు, ఎవరు పడుకున్నట్టు చూపిస్తే దాని ధర పెరుగుతుంది అన్నది మా ఒక్క ఇంటి గొడవేనని నేను అనుకోవడం లేదు.

ముందు ఆ గది సంగతి చెప్పాలి.

ఆ ఫ్లాట్ 1996లో కొన్నారు. అమ్మ ప్రభుత్వ పాఠశాలలో టీచరు. నాన్న ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తా. ఆయన జీతం వచ్చే నెలలకన్నా రాని నెలలే ఎక్కువ గుర్తున్నాయి నాకు. బిల్డరుకి కట్టిన మొదటి మొత్తం అమ్మ జీపీఎఫ్‌లోంచి తీసింది. ఆ తర్వాతి వాయిదాలు అమ్మ జీతంలోంచి పోయేవి. రిజిస్ట్రేషన్ మాత్రం నాన్న పేరు మీద. ఎందుకలా చేశారని పెద్దయ్యాక అడిగితే, “ఆ రోజు నాకు సెలవు దొరకలేదే” అంది అమ్మ. అదే కారణమని ఆమె నిజంగా నమ్మిందో, నా నోరు మూయించడానికే అందో ఇప్పటికీ తెలీదు.

నైరుతి మూల గది వాళ్ళిద్దరిది. వాస్తు లెక్క ప్రకారం నైరుతి ఇంటి యజమానిది కదా. ఆ గదిలో సగానికి పైగా ఒక టేకు డబుల్ కాట్ ఆక్రమించి ఉండేది. పెళ్ళికి మా అమ్మమ్మ వాళ్ళు సారెతో పాటు పంపిన మంచం అది. ఆడపిల్లని ఇచ్చి, ఆ పిల్ల పడుకోబోయే మంచాన్ని కూడా ఇచ్చి పంపడం మనకి ఎంత సహజమో! అమ్మ దాని అంచున పడుకునేది. తెల్లవారుజామున నల్లా నీళ్ళు వదిలే వేళకి లేవాలి కాబట్టి అంచు. రాత్రి నాన్నకి మంచినీళ్ళు ఇవ్వాలి కాబట్టి అంచు. మేం చిన్నప్పుడు జ్వరాలొస్తే మేం మధ్యలో, ఆమె అంచున.

2011లో నాన్న పోయారు. సంవత్సరీకం అయిన మర్నాడు అమ్మ పాత సామాన్లు కొనే మనిషిని పిలిపించి ఆ కాట్ అమ్మేసింది. బంధువులంతా నొచ్చుకున్నారు. ఆయన మంచాన్ని అమ్మడానికి మనసెలా వచ్చిందన్నారు. అది ఆయనది కాదని, తన పుట్టింటివాళ్ళు ఇచ్చిందని కూడా ఆమె గుర్తుచేయలేదు. కిటికీ పక్కన ఒక చిన్న నవారు మంచం వేయించుకుంది. మిగతా గదంతా ఖాళీ. బీరువా తెచ్చి పెడదామంటే వద్దంది. కుట్టుమిషను ఇక్కడ పెట్టుకో అంటే వద్దంది. “ఇంత చోటు ఏం చేసుకుంటావమ్మా?” అన్నాను. “ఏం చేసుకోను. అలా ఉండనీ” అంది. మధ్యాహ్నాలు ఆ ఖాళీ గచ్చు మీద కాళ్ళు బారచాపుకుని, గోడకి ఆనుకుని, పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒక్కోసారి పేపరు కూడా చదివేది కాదు.

వర్జీనియా వుల్ఫ్ 1929లో ప్రచురించిన వ్యాసాన్ని నేను విద్యార్థులకి చాలాసార్లు పాఠంగా చెప్పాను. సొంత గది అనగానే మనకి ఒక బల్ల, ఒక కుర్చీ, తలుపుకి గడియ, లోపల రాసుకుంటున్న స్త్రీ కనిపిస్తారు. మా అమ్మ ఏమీ రాయలేదు. ఆమెకి కావలసింది రాసుకునే చోటు కాదు, ఎవరికీ ఏమీ చేయనక్కర్లేని చోటు. అది నాకు అర్థమైంది వుల్ఫ్ వల్ల కాదు, అబ్బూరి ఛాయాదేవి ‘సుఖాంతం’ వల్ల. కంటినిండా నిద్ర కోసం బతుకంతా అలమటించిన స్త్రీ కథ అది. స్త్రీల పడకగది గురించి మనం మాట్లాడినప్పుడల్లా లైంగికత గురించి మాట్లాడాం, హింస గురించి మాట్లాడాం. అవి మాట్లాడాల్సినవే. కానీ పడకగదిలో స్త్రీకి నిద్ర దొరుకుతోందా అన్న చిన్న ప్రశ్న ఛాయాదేవిగారు అడిగినంత సూటిగా అడిగినవాళ్ళు తక్కువ. అమ్మ అరవైకి దగ్గరవుతూ ఆ నిద్ర సంపాదించుకుంది. దానికోసం ఆమె చేసిన ఒకే ఒక్క పని డబుల్ కాట్‌ని బయటికి పంపడం.

2021లో పక్షవాతం వచ్చింది. రెండేళ్ళు ఆ నవారు మంచం మీదే ఉంది. 2023లో ఆ గదిలోనే పోయింది. నక్షత్రం ధనిష్ఠ అని తేల్చారు. ధనిష్ఠలో పోతే ఆరు నెలలు పాడుపెట్టాలి. ఇల్లంతా ఖాళీ చేయడం కుదరదు కాబట్టి పురోహితుడు మధ్యేమార్గం చెప్పాడు. గదికి తాళం వేస్తే చాలన్నాడు. నవారు మంచం, పరుపు, దుప్పటి పన్నెండో రోజు శయ్యాదానంలో పోయాయి. ఆరు నెలల తర్వాత తాళం తీస్తే ఏమీ లేని గది. గోడకి అమ్మ తల ఆనిన చోట నూనె మరక.

ఆ మరక మీద మొదటి రోజే రంగు వేశారు.

అన్నయ్య అప్పటికి ఏడాది కిందటే న్యూజెర్సీలో తన ఇల్లు స్టేజింగ్ చేయించి అమ్మాడు. అందుకే అతనికి నమ్మకం. ఆ అమ్మకం గురించి వదిన నాకు ఫోన్‌లో వేరే కథ చెప్పింది. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళకి అక్కడ ఎవరూ ఉంటున్నట్టు తెలియకూడదు. కుటుంబం ఫోటోలు తీసేయాలి. ఫ్రిజ్ మీద పిల్లల బొమ్మలు తీసేయాలి. క్లాజెట్‌లో అమర్చుకున్న దేవుణ్ణి అట్టపెట్టెల్లో సర్దేయాలి. పోపు వాసన రాకూడదు. మూడు వారాలు ఆమె గరాజ్‌లో చిన్న పొయ్యి పెట్టుకుని వంట చేసింది. ఏజెంటు ఫోన్ చేసిన అరగంటలో సింకు తుడిచి, పక్కలు సర్ది, పిల్లల్ని కారెక్కించి వీధి చివర కూర్చునేది. “ఇంట్లో ఉంటూనే లేనట్టు ఉండటం నాకు కొత్త కాదులే” అని నవ్వింది. ఇల్లు మంచి ధరకి పోయిందని అన్నయ్య చెప్పుకున్నాడు. ఆ ధరలో వదిన మూడు వారాల చాకిరీ ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు. ఇంటిచాకిరీ కనబడదని మనం ఎన్నేళ్ళుగానో అంటున్నాం. ఇక్కడ కనబడకుండా చేయడమే చాకిరీ అయింది. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు శుభ్రం చేస్తూ చేస్తూ తన పేరు మరిచిపోతుంది. స్టేజింగ్ సూత్రాల ప్రకారం ఆ మరుపే ఇంటికి అదనపు విలువ.

మా ఇంటికొచ్చిన అమ్మాయి మంచి పిల్ల. “అక్కా, ఖాళీ గది ఫోటోలో చిన్నగా పడుతుంది. మంచం వేస్తే ఎంత పెద్దదో తెలుస్తుంది” అని ఓపిగ్గా చెప్పింది. అందులో అబద్ధం లేదు. కంటికి కొలత ఇచ్చే వస్తువు లేకపోతే గది వైశాల్యం అందదు. కానీ కొలత కోసమైతే ఒక కుర్చీ చాలు. ఒక బల్ల చాలు. ఆమె తెచ్చినవి చూడండి. తలవైపు మెత్తటి దిళ్ళు కుట్టిన వెడల్పాటి డబుల్ కాట్. అటొకటి ఇటొకటి చిన్న బల్లలు. వాటి మీద ఒకే రకం దీపాలు. అటు రెండు ఇటు రెండు దిండ్లు. పాదాల వైపు మడతపెట్టిన శాలువా. మంచం మీద ఒక ట్రే, అందులో రెండు కాఫీ కప్పులు. గోడకి ఒక ఫ్రేము. అందులో నవ్వుతున్న మొగుడూ పెళ్ళాం, ఒక బాబు, ఒక పాప. ఫ్రేము కొన్నప్పుడు దాంతోపాటే వచ్చిన ఫోటో అది. తీయడం మరిచిపోయావా అని అడిగాను. లేదక్కా, ఉంటేనే బావుంటుంది అంది. మా అమ్మ ఫోటోని హాల్లోంచి తీసి నా పుస్తకాల అట్టపెట్టెలో పెట్టమన్నది కూడా ఆ అమ్మాయే. దండ వేసిన ఫోటో కొనేవాళ్ళకి మంచిది కాదని.

ఆమె వెళ్ళాక నేను ఆ మంచం మీద కూర్చోబోయాను. చెయ్యి వేయగానే లోపలికి దిగిపోయింది. దుప్పటి ఎత్తి చూస్తే పరుపు లేదు. అట్టపెట్టెలు పేర్చి, పైన గాలి ఊదిన పలచటి పరుపు వేసి, దాని మీద ఖరీదైన దుప్పటి పరిచారు. ఇది ఆ అమ్మాయి కనిపెట్టిన మోసమేం కాదు. అమెరికాలో స్టేజింగ్ చేసేవాళ్ళకి ఇది మామూలు ఉపాయమే. బరువు తక్కువ, మోయడం తేలిక. అక్కడ ఎవరూ పడుకోరు కదా.

ఎవరూ పడుకోలేని మంచం. నిద్ర కోసం డబుల్ కాట్ అమ్మేసిన మనిషి గదిలో.

ఈ పద్ధతికి ఆద్యురాలిగా చెప్పుకునేది బార్బ్ ష్వార్ట్జ్ అనే అమెరికన్ మహిళని. 1970లలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇళ్ళు అమ్మిపెడుతూ దీన్ని ఒక వృత్తిగా మలిచింది. ఇప్పుడదొక పరిశ్రమ. ఏ గదిని అలంకరిస్తే లాభమో అక్కడి రియల్టర్ల జాతీయ సంఘం సర్వేలు చేసి మరీ చెబుతుంది. హాలు, వంటగది, పెద్ద పడకగది, ఈ మూడే ముందుంటాయి. సామాను మోయడం కూడా అనవసరమైపోయింది. ఖాళీ గది ఫోటో ఇస్తే కంప్యూటరే మంచం, పరదాలు, దీపాలు వేసి ఇస్తోంది.

ఆ పెద్ద పడకగదికి మొన్నమొన్నటి దాకా అక్కడ ఉన్న పేరు ‘మాస్టర్ బెడ్‌రూమ్’. 1926 నాటి సియర్స్ కంపెనీ ఇళ్ళ కేటలాగులో ఆ మాట కనిపిస్తుంది. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, బానిసత్వాన్నీ పురుషాధిక్యాన్నీ గుర్తుచేస్తోందన్న విమర్శ మళ్ళీ లేచి, హ్యూస్టన్ రియల్టర్ల సంఘం తమ జాబితాల్లో ఆ మాట తీసేసి ‘ప్రైమరీ’ అని పెట్టింది. పేరు మార్చినంత మాత్రాన ఏమవుతుందని నవ్వినవాళ్ళూ ఉన్నారు. మనకి నవ్వే హక్కు కూడా లేదు. హైదరాబాద్‌లో బ్రోచర్లు ఇప్పటికీ మాస్టర్ బెడ్‌రూమ్ అనే రాస్తాయి, పైగా దాన్ని నైరుతిలో పెట్టామని గొప్పగా చెబుతాయి. అమెరికా యజమాని, మన వాస్తు యజమాని ఒకే గదిలో కలిసిపోయారు. మా ఫ్లాట్ ప్రకటనలో బ్రోకరు రాసింది ఇదే: ‘వాస్తు ప్రకారం విశాలమైన మాస్టర్ బెడ్‌రూమ్.’ పన్నెండేళ్ళు ఆ గదికి యజమాని ఒక విధవ. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని బ్రోకరు నాకు రెండుసార్లు గుర్తుచేశాడు. “మేడమ్, అమ్మగారు ఇక్కడే పోయారని అనకండి. అడిగితే మీ అన్నగారి దగ్గర అమెరికాలో ఉన్నారనండి.”

చచ్చిపోయిన మా అమ్మని ఆ విధంగా అమెరికా పంపించాం.

దీనికి వచ్చే సమాధానాలు నాకు తెలుసు. మొదటిది, ఇది అందరికీ తెలిసిన అబద్ధమే కదా, ఎవరు నమ్ముతారు? ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తుంటే ఊడ్చి ముగ్గు వేయమా? వేస్తాం. ఊడ్చి ముగ్గు వేయడం ఉన్న ఇంటిని బాగా చూపించడం. లేని కాపురాన్ని పెట్టి చూపించడం వేరు. దీనికి మన దగ్గర పాత పేరే ఉంది, పెళ్ళిచూపులు. పిల్ల నల్లగా ఉంటే సాయంత్రం దీపాలు పెట్టాక రమ్మంటారు. పక్కింటావిడ హారం, పిన్ని గాజులు పెట్టి కూర్చోబెడతారు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత పుట్టిన ఇళ్ళే కదా ఇవి. పెళ్ళిచూపుల్లోనూ అందరికీ తెలుసు, హారం ఎరువు తెచ్చిందని. తెలిసినంత మాత్రాన ఆ పిల్లకి జరిగిన అవమానం తగ్గిందా? అందరూ ఎరిగిన అబద్ధమే అన్నిటికన్నా గట్టి నియమం. ఇలా ఉంటేనే ధర పలుకుతుందని అది మనకి నేర్పుతుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు ఆ రెంటినీ ఊరికే ఒక చోట పెట్టలేదు.

రెండోది, ఈ వృత్తి ఆడవాళ్ళదే, ఆడవాళ్ళకి ఆదాయం ఇస్తోంది, దాన్ని స్త్రీవాదులే తప్పుపడితే ఎలా? ఆ అమ్మాయి సంపాదన మీద నాకేం కోపం లేదు. నాలుగో అంతస్తుకి మంచం ఎక్కించిన కూలీలకి తన పర్సులోంచి టీ డబ్బులిచ్చింది కూడా ఆమే. నా కోపం ఆమె అమర్చాల్సి వచ్చిన బొమ్మ మీద. స్త్రీలు తమ చేత్తో పితృస్వామ్యం బొమ్మల కొలువు పేర్చడం కొత్తేమీ కాదు. బొమ్మలు ఎవరు తయారు చేశారో, ఏ మెట్టు మీద ఏది పెట్టాలో నిర్ణయించిందెవరో అడగాలి. ఒంటరి స్త్రీ గదిగా అలంకరించి చూపిస్తే ఎందుకు అమ్ముడుపోదు? ఒక మంచం, ఒక దిండు, ఒక కుర్చీ, నిండా పుస్తకాలు. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఉంటున్న గదిలా ఎందుకు అలంకరించరు? అలా అడిగితే ఆ అమ్మాయి నవ్వేసి, “అక్కా, ఫ్యామిలీస్ కొనాలి కదా” అంది. ఒంటరి ఆడవాళ్ళకి ఇల్లు అద్దెకే ఇవ్వని నగరంలో ఆ మాటకి జవాబు లేదు.

మూడోది అన్నయ్య మాట. “ఎమోషనల్ అయిపోకు. నీ సగం నీకొస్తుంది. రేటు పెరిగితే నీ సగమూ పెరుగుతుంది కదా.”

నిజమే. నా సగం నాకొచ్చింది. ఆ విషయంలో అన్నయ్య పైసా తేడా చేయలేదు. కానీ ఈ సగం వెనక ఉన్న చరిత్ర ఒకటి చెప్పాలి. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. కానీ అదే చట్టంలో 23వ సెక్షన్ ఒకటుండేది. కుటుంబం ఉంటున్న ఇంటి విషయానికొస్తే, మగ వారసులు పంచుకోవాలని అనుకునేదాకా ఆడ వారసులు పంపకం అడగకూడదు. కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు ఎప్పుడుంటుందంటే, ఆమె పెళ్ళికానిదై ఉండాలి, లేదా భర్త వదిలేసినదో, భర్త నుంచి విడిపోయినదో, విధవో అయివుండాలి. అంటే మొగుడు లేని లోటుని రుజువు చేసుకుంటేనే పుట్టింట్లో పడక. 1985లో ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి హక్కిచ్చి దేశానికి దారి చూపించిందని మనం చెప్పుకుంటాం, నిజమే. కానీ ఇంటి గడప దగ్గర ఈ సెక్షన్ దాదాపు 50 ఏళ్ళు కాపలా కాసింది. 2005 సవరణతో గానీ పోలేదు.

చట్టం పోయింది. ఆ తర్కం పోలేదు. పెళ్ళి చేసుకోని నేను ఆ ఫ్లాట్‌లో ఉండిపోవడాన్ని బంధువులు నా హక్కుగా చూడలేదు, నా లోటుకి దొరికిన ఆసరాగా చూశారు. అమ్మ పోగానే ఆ ఆసరా గడువు తీరింది. అన్నయ్య సగం కొనుక్కునే స్తోమత కాంట్రాక్టు ఉద్యోగిని నాకు లేదు. ఏడాదికోసారి రెన్యూ అయ్యే జీతానికి బ్యాంకువాళ్ళు ఇచ్చే అప్పు ఎంతో మీలో చాలామందికి తెలుసు. కాబట్టి నేను కూడా అమ్మకానికి ఒప్పుకున్నాను. ధర పెరగాలని నేనూ కోరుకున్నాను. ఈ వ్యాసం రాసే చేతికి ఆ మురికి అంటలేదని నేను నటించను.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది.

ఈ వ్యాసం మొదటి ప్రతిలో నేను ఆ గదిని ‘అమ్మ ఒక్కతే నిద్రపోయిన గది’ అని రాశాను. తిరగరాస్తుండగా ఆగాను. ఆఖరి రెండేళ్ళు ఆ గదిలో అమ్మ ఒక్కతే పడుకోలేదు. అమ్మని చూసుకోవడానికి కుదిరిన ఆమె కూడా పడుకుంది. మహబూబ్‌నగర్ వైపు పల్లెనుంచి వచ్చిన దళిత స్త్రీ. అమ్మని టీచరమ్మా అనేది. అమ్మ ఎంతో ఇష్టంగా ఖాళీగా ఉంచుకున్న ఆ గచ్చు మీదే చాప పరుచుకుని, రాత్రికి మూడుసార్లు లేచి అమ్మని పక్కకి తిప్పి పడుకోబెట్టేది. పుండ్లు పడకుండా. నేను పక్క గదిలో తలుపు వేసుకుని, అమ్మకి దొరికిన స్వేచ్ఛ గురించి ఆలోచిస్తూ ఉండేదాన్ని.

ఆమెకి మేం ఇచ్చింది పగటి పనికి జీతం. రాత్రి ‘ఎలాగూ పడుకోవడమే కదా’ అని లెక్కలోకి తీసుకోలేదు. ఇల్లలో చాకిరీ లెక్కకి రాదని తరగతి గదిలో చెప్పిన నోటితోనే ఆ మాట అన్నాను. పన్నెండో రోజు మంచం, పరుపు పురోహితుడికి వెళ్ళాయి. ఆ మంచం పక్కన రెండేళ్ళు నేల మీద పడుకున్న మనిషికి ఇస్తే ఏమవుతుందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. గదికి తాళం వేసిన రోజు ఆమె చాప కూడా లోపలే ఉండిపోయింది. ఆరు నెలల తర్వాత రంగులవాళ్ళు దాన్ని కింద పరుచుకుని పని చేసి, చుట్ట చుట్టి పారేశారు.

డబుల్ కాట్ మీద రెండు వైపులా దిండ్లు చూసినప్పుడు నాకొచ్చిన కోపం అమ్మ కోసం మాత్రమే. ఆ గదిలో నిజంగానే ఇద్దరు పడుకునేవాళ్ళని, ఒకరు మంచం మీద ఒకరు నేల మీద అని అప్పుడు గుర్తురాలేదు. స్టేజింగ్ చేసిన అమ్మాయి మా అమ్మని తీసేసింది. ఆమెని తీసేసింది మాత్రం నేను. అమ్మ జ్ఞాపకాన్ని అందంగా అమర్చుకోవడంలో. మన స్వీయ అనుభవ వ్యాసాల్లో మన అమ్మల గదులు ఇలా ఎన్నిసార్లు అలంకరించుకున్నామో చూసుకోవాలి. దళిత స్త్రీవాదులు ఈ మాట మనకి చెప్పి ఎన్నేళ్ళయిందో కూడా గుర్తుచేసుకోవాలి.

ఇల్లు చూడటానికి చాలామంది వచ్చారు. ఒక జంట సంగతి చెబుతాను. భర్త గోడలు కొలుస్తూ, బ్రోకరుతో కార్‌పార్కింగ్ గురించి మాట్లాడుతున్నాడు. ఆవిడకి నా వయసే ఉంటుంది. మంచం దగ్గరికి వచ్చి చేత్తో ఒకసారి నొక్కింది. చెయ్యి దిగిపోయింది. గబుక్కున తీసి, దుప్పటి సర్ది, నా వైపు చూసింది. “ఇక్కడ మామూలుగా ఏముండేదండీ?” అంది నెమ్మదిగా.

చెప్పేశాను. నవారు మంచం ఉండేది, మిగతా అంతా ఖాళీ అని. మా అమ్మ ఈ గదిలోనే పోయిందని, ఇంకో ఆవిడ కింద చాప మీద పడుకునేదని. ఆవిడ ఆ కాస్త గచ్చు వైపు చూస్తూ నిలబడింది. “ఖాళీగానే బావుండేదేమో” అంది. వాళ్ళు కొనలేదు. నేను చెప్పినందుకో, పార్కింగ్ చాలనందుకో తెలీదు. బ్రోకరు మాత్రం నాతో వారం రోజులు మాట్లాడలేదు. కొనేవాళ్ళు వచ్చినప్పుడు నన్ను ఇంట్లో లేకుండా చూసుకోమని అన్నయ్యకి చెప్పాడు. వదిన వీధి చివర కారులో కూర్చున్నట్టు నేను శనివారాలు సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీలో కూర్చున్నాను.

2024 చివర్లో అమ్ముడుపోయింది. రిజిస్ట్రేషన్ రోజు నాకు సెలవు దొరికింది. దస్తావేజు చదివితే అందులోనూ ఒక అలంకరణ. ఆస్తి ఎలా సంక్రమించిందో చెప్పే పేరాలో, ఈ ఫ్లాట్ మా నాన్నగారి స్వార్జితం అని ఉంది. అమ్మ పేరు ఆయన భార్యగా, మరణించిన వారసురాలిగా ఒక్కసారి వస్తుంది. జీపీఎఫ్ ఊసు లేదు. కాగితాల ప్రకారం అదే నిజం. ఇద్దరం సంతకాలు పెట్టాం, వేలిముద్రలు వేశాం. డబుల్ కాట్‌ని అద్దె ఫర్నిచర్‌వాళ్ళు అంతకుముందే తీసుకెళ్ళిపోయారు. ఇంకో ఇంట్లో ఇంకో కాపురం పెట్టడానికి.

నా సగంలోంచి అమ్మని చూసుకున్న ఆమెకి రెండేళ్ళ రాత్రులకి లెక్కగట్టి ఇచ్చాను. ఎంతో ఇక్కడ రాయను. రాస్తే అది దానంలా వినబడుతుంది. అది ఆలస్యంగా ఇచ్చిన కూలి. ఆమె డబ్బు తీసుకుని, చాప ఏమైందని అడిగింది. కొత్తదేనట అది.

మనం ఏం చేయాలి అన్న ప్రశ్నకి నా దగ్గర పెద్ద జవాబులు లేవు. అమ్మలు బతికుండగానే దస్తావేజులు బయటికి తీసి ఎవరి పేరున ఉన్నాయో చూద్దాం. వాయిదాలు కట్టినవాళ్ళ పేరు కాగితం మీదికి రావాలని ఇప్పుడే పట్టుబడదాం, సెలవు పెట్టి మరీ. రాత్రి మనింట్లో నిద్ర కాచే స్త్రీకి ఆ రాత్రికి కూలీ ఇద్దాం, పడుకోవడానికి మంచం ఇద్దాం. ఇల్లు అమ్మాల్సి వస్తే అమ్ముదాం. గోడల కొలతలు చెబుదాం, కిటికీలోంచి వచ్చే గాలి చూపిద్దాం. ఖాళీ గదిని ఖాళీగానే చూపిద్దాం. ఎవరుండేవారని అడిగితే ఉన్నవాళ్ళందరి సంగతీ చెబుదాం, మంచం మీద పడుకున్నవాళ్ళదీ, నేల మీద పడుకున్నవాళ్ళదీ. ధర కొంత తగ్గుతుంది. తగ్గనిద్దాం.